మొదటి అంగుళం లేని టేపు

బిక్షం సార్ జూన్ నెలాఖరున బడి మానేశారు. ఎందుకు మానేశారో మా స్టాఫ్ రూములో నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. కరస్పాండెంటుతో పడలేదని ఒకరు, చూపు మందగించిందని ఒకరు, ఏదో ట్యూషన్ సెంటరు వాళ్లు ఎగరేసుకుపోయారని ఒకరు. ఈ వయసులో మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాడని కూడా ఒక మహాతల్లి చెప్పింది. నాలుగూ అబద్ధాలే. అసలు సంగతి తెలిసింది నాకొక్కదానికే. అందులో నా వాటా కూడా ఉంది కాబట్టి ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు బొత్తిగా అలవాటు లేని పని. అందుకే రాస్తున్నాను.

నా పేరు కమలకుమారి. మాది తెనాలి దగ్గర పల్లె. అమీర్‌పేటలో మెట్రో దిగి, సాఫ్ట్‌వేర్ కోర్సుల కరపత్రాలు చేతిలో కుక్కే కుర్రాళ్లను దాటుకుని, రెండు సందులు లోపలికొస్తే మా బడి. కింద రెండంతస్తులు మావి, పై రెండూ కోచింగ్ సెంటరువి. మా పిల్లలు ఎక్కాలు చదువుతుంటే పైనుంచి ఎవడో మైకులో జావా చెబుతుంటాడు. పదకొండేళ్లుగా నేనక్కడ తెలుగు చెబుతున్నాను. బిక్షం సార్ నాకంటే ముందు నుంచీ ఉన్నారు. మూడు, నాలుగు తరగతులకు లెక్కలు ఆయనవే.

ఆయనది సిరిసిల్ల. తాతది మగ్గం, తండ్రిది కుట్టుమిషన్. మగ్గం అన్నం పెట్టని రోజుల్లో తండ్రి సంసారాన్ని ఎత్తుకొచ్చి అమీర్‌పేటలో చిన్న టైలరింగ్ షాపు పెట్టాడు. బిక్షం సార్ పదో ఏట కాజాలు కుట్టారు, పదిహేనో ఏట ప్యాంట్లు కత్తిరించారు, ఆ పని చేస్తూనే సాయంకాలం కాలేజీకి పోయి డిగ్రీ గట్టెక్కించారు. తర్వాత రెడీమేడ్ బట్టలొచ్చి షాపును మింగేశాయి. మా కరస్పాండెంట్ కృష్ణమోహన్ గారు ఆ షాపులో ఆఖరి ఖాతాదారు. ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్లిన మనిషి, కొలతలు తీస్తూ నోటితోనే లెక్కలు కట్టేస్తున్న టైలర్ని చూసి, మా బడికి రారాదూ అన్నారట. చవగ్గా టీచరు దొరికాడని ఆయన లెక్క. చదివిన చదువు పనికొచ్చిందని ఈయన సంబరం.

భార్య కరోనా రెండో విడతలో పోయింది. పిల్లల్లేరు. ఆమె పోయిన పదిహేనో రోజు నుంచీ ఆయన ఫోన్‌లో క్లాసులు మొదలుపెట్టారు. ఏంటండీ ఇంత తొందర అంటే, "ఇంట్ల కూసోని ఏంజెయ్యాలె మేడం, గోడలు జూస్తనా?" అన్నారు. ఆ తర్వాత ఆయన బతుకంతా ఆ నాలుగో తరగతి గదే.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకాయనంటే చిరాకు. పక్క గదిలో నేను పద్యం చెబుతుంటే, ఆయన గదిలో చేపల బజారు. పిల్లలు నేలమీద బోర్లా పడుకుని గీతలు గీస్తుంటారు, గీతల మీద నడుస్తుంటారు, "అర దగ్గర ఆగు, ముప్పావుకు దుంకు" అని అరుస్తుంటారు. ఒకసారి వెళ్లి గట్టిగానే అడిగాను, ఇది బడా, సర్కసా అని.

ఆయన నొచ్చుకోలేదు. "ఒకనాడు ఒక పోరడు నన్నొక మాట అడిగిండు మేడం," అన్నారు. "మూడు ఒకటికన్న పెద్దది, నాలుగు సుత ఒకటికన్న పెద్దది, మరి నాలుగింట్ల మూడు ఒకటికన్న చిన్నదెట్లయితది సార్ అన్నడు. నాకు జవాబు రాలే. రొట్టె ముక్కలు జేసి చూపిస్తే వాళ్లకు ముక్కనే కనవడుతది, అంకె కనవడదు. గీత మీద సున్నకూ ఒకటికీ నడుమ నిలవెడితే, ఓహో ఇది సుత అంకెనే, దీనికి సుత ఒక జాగ ఉన్నది అని తెలుస్తది. లెక్క చేతికి తెల్వాలె, కాళ్లకు తెల్వాలె. నోటికి ఊకెనే వస్తది."

ఆ జవాబు కోసమే ఆయన సంచిలోంచి ఇంచు టేపు తీశారట. అప్పటి నుంచి అదే పద్ధతి. అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో ఆయనకు తెలియని టైలరు లేడు. పారేసే టేపులన్నీ అడిగి తెచ్చేవారు. పిల్లకొక టేపు. బల్లమీద సుద్దతో నాలుగంగుళాల గీత గీసి, ఇది మొత్తం ఒకటి అనుకోండి, ఒక్కో అంగుళం ఒక పావు అనేవారు. టేపు పరిచి వేలు పెట్టించి పావు, అర, ముప్పావు చెప్పించేవారు. కూరగాయల బండి దగ్గర రోజూ వినే మాటలే కాబట్టి పిల్లలకు కొత్తగా ఉండేది కాదు. ఎనిమిదంగుళాల గీత గీస్తే అందులో ఎనిమిదో వంతులు. మూడో తరగతి పిల్లలు కూడా టకటకా చెప్పేవాళ్లు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన మెచ్చుకుని ఫొటో కూడా తీసుకెళ్లాడు.

ఇప్పుడొక చిన్న సంగతి చెప్పాలి. టైలరు టేపుకి ముందు పాడయ్యేది మొదటి అంగుళమే. కొసన ఉండే ఇత్తడి పట్టీ ఊడిపోతుంది, దారాలు లేస్తాయి, గీతలు చెరిగిపోతాయి. దానికోసం కొత్త టేపు కొనేవాళ్లు ఎవరూ ఉండరు. ఒకటి అని ఉన్న గీతను మొదట్లో పెట్టి కొలుస్తారు, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తారు. ముప్పై ఒకటి వస్తే ముప్పై. ఆ తీసివేత ఎవరూ పైకి అనరు, మనసులోనే అయిపోతుంది. ముప్పై ఏళ్లు కుట్టినవాడికి తీసేస్తున్నానన్న స్పృహ కూడా ఉండదు. బిక్షం సార్ తెచ్చే టేపులన్నీ అలాంటివే. కాబట్టి ఆయన తరగతిలో గీత సున్నాతో మొదలయ్యేది కాదు, ఒకటితో మొదలయ్యేది. ముప్పావు దగ్గర టేపు మీద నాలుగని ఉండేది. ఆయన వేలు నాలుగు మీద ఉండేది, నోరు మూడనేది.

వెన్నెల ఆ టేపు పట్టుకున్నంత ఒడుపుగా తరగతిలో ఇంకెవరూ పట్టుకునేవాళ్లు కాదు. వాళ్లదీ సిరిసిల్లే. తండ్రి భానుచందర్ పంజాగుట్టలో ఒక చీరల షాపు మెట్ల కింద మిషన్ వేసుకుని ఫాల్, పికో, ఆల్టరేషన్ చేస్తాడు. ఈ పిల్ల బడి వదలగానే అక్కడికే పోయేది, తండ్రి కొలతలు చెబుతుంటే రాసిపెట్టేది. తొమ్మిదేళ్లకే ఎక్కాలు పదహారు దాకా వచ్చు. సన్నగా, పొడుగు జడతో, ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్న నోట్లో పెట్టుకుని ఉండేది. నా క్లాసులో కూడా ఊరుకునేది కాదు.

ఒకరోజు వరండాలో పోతూ దాని గొంతు విన్నాను. "సార్, నా వేలు నాలుగు మీదున్నది. కొసకు అయిదున్నది. మరి నాలుగు బై అయిదు గాదా?"

"ఒకటి తీసెయ్యాలె బిడ్డ," అన్నారు సార్ నవ్వుతూ. "మీ బాపు తియ్యడా?"

"తీస్తడు సార్."

"మరిగ? టైలరు బిడ్డవు, నీకు సుత నేను చెప్పాల్నా?"

పిల్లలంతా నవ్వారు. వెన్నెల కూడా నవ్వింది. నాకు మాత్రం అక్కడే అనిపించింది, ఎందుకండీ ఈ చుట్టు తిప్పి ముక్కు పట్టుకోవడం, సున్నా ఉన్న కొత్త టేపులు పది తెప్పిస్తే పోదా అని. లోపలికెళ్లి అడగడానికి పట్టేది అర నిమిషం. కానీ అంతకు రెండు రోజుల ముందే గోల విషయంలో ఆయనతో మళ్లీ గొడవపడ్డాను, మాట్లాడకూడదని పంతం. పైగా లెక్కలు నా సబ్జెక్టు కాదు. మూతి ముడుచుకుని నా క్లాసుకి నేను పోయాను. నా వాటా అన్నది ఇదే.

ఆ సంక్రాంతి ముందర వెన్నెల నానమ్మ లచ్చవ్వ బాత్‌రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎనిమిది నెలల తమ్ముణ్ని అప్పటిదాకా ఆమే చూసుకునేది. ఆమెను ఊళ్లో పెద్దకొడుకు దగ్గరికి పంపేశారు. తల్లి సనత్‌నగర్‌లో ఒక మందుల ప్యాకింగు యూనిట్‌కి పోతుంది, ఆ పని లేకపోతే ఇల్లు గడవదు. తండ్రికి నడుం నొప్పి, పని సగానికి పడిపోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో ఆ ఇంటిని చూస్తే తెలిసేది. ఫిబ్రవరిలో గురుకులం ప్రవేశపరీక్ష. నాలుగో తరగతి పిల్లలు రాయాలి. సీటొస్తే ఐదో తరగతి నుంచి హాస్టలు, తిండి, బట్టలు, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఇంటరు దాకా ఇక అడగక్కర్లేదు.

పరీక్షకి కట్టించడానికి బిక్షం సార్ వెళ్లినప్పుడు భానుచందర్ దాపరికం లేకుండా చెప్పాడు. "సీటొస్తె పంపిస్త సార్. పిల్ల ఖర్సు తప్పుతది, ఆ పైసలతోని మా చెల్లెను ఊరి నుంచి పిలిపిచ్చుకుంట, చిన్నోన్ని సూస్కుంటది. సీటు రాకపోతె మాత్రం ఇగ బడి బందే. పిల్లనే సూస్కుంటది. వేరే తొవ్వ లేదు."

అంటే ఆ పిల్ల చదువంతా ఆ ఒక్క ఆదివారం మీద నిలబడింది. బిక్షం సార్‌కి అది తెలుసు. పరీక్షయ్యేదాకా చిన్నవాణ్ని పక్కింటామె చూస్తానంటే, బడి అయ్యాక రోజూ గంటన్నర కూర్చోబెట్టారు. వెన్నెలతోపాటు పూజ అనే ఇంకో పిల్ల కూడా ఉండేది. పూజ మంచిదే, కానీ బట్టీ తప్ప ఇంకోటి ఎరగదు. గైడులో ఏ పేజీలో ఏముందో చెబుతుంది, ఎందుకో అడిగితే నీళ్లు నములుతుంది. సార్ దొరికిన పాత పేపర్లన్నీ చేయించారు. వాటిల్లో భిన్నాలంటే గుండ్రటి బొమ్మల్లో రంగులు వేసినవే. అవి వెన్నెల చూడకుండా చెప్పేది. తెలుగు నేను చూసుకున్నాను, దాంట్లో దానికి తిరుగులేదు. ఇది రాయకపోతే ఇంకెవరు రాస్తారు అనుకున్నాం ఇద్దరం. అప్పటికి మా మాటలు కలిశాయి.

పరీక్ష బేగంపేటలో ఒక కాలేజీలో పడింది. పూజ వాళ్లమ్మకు సెలవు దొరక్క దాన్ని నేను తీసుకెళ్లాను, వెన్నెలను సార్ తీసుకొచ్చారు. గేటు బయట చెట్టునీడ కోసం తల్లిదండ్రులు తోసుకుంటున్నారు. పిల్లలు బయటికి రాగానే సార్ వెన్నెల చేతిలోంచి ప్రశ్నపత్రం తీసుకుని అక్కడే నిలబడి ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టారు. అది జవాబులు చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. భిన్నాల దగ్గరికి వచ్చారు. ఒక గీత. ఈ కొసన సున్నా, ఆ కొసన ఒకటి. మధ్యలో అంకెల్లేవు, ఉత్త చిన్న గీతలు మూడు. ఒక చోట బాణం గుర్తు. బాణం దగ్గరున్న భిన్నమేది?

"ఏం వెట్టినవ్ బిడ్డ?"

"మూడు బై అయిదు సార్."

"మూడు బై నాలుగు గదా?"

"కాదు సార్. మొదటి గీత ఒకటి. బాణమున్నది నాలుగోది. ఒకటి తీసేసిన, మూడు. మొత్తం అయిదు గీతలు. మూడు బై అయిదు. ఆప్షన్ల సుత ఉన్నది సార్ గది."

ఆయన తర్వాతి ప్రశ్న మీద వేలు పెట్టారు. ఎనిమిది భాగాల గీత. అయిదు బై ఎనిమిది రావాలి. వెన్నెల అయిదు బై తొమ్మిది పెట్టింది. దానికీ పైన ఒకటి తీసేసింది, కింద తియ్యలేదు. టేపు మీద కొలిచేటప్పుడు తీసేది ఒక్కసారే కదా. నేర్పినట్టే చేసింది. వాళ్ల బాపు చేసినట్టే చేసింది. ఆ ప్రశ్న తయారుచేసినవాడు గీతలు లెక్కపెట్టే పిల్లల కోసం పెట్టిన తప్పు జవాబు సరిగ్గా అక్కడే కాచుకుని ఉంది.

"మంచిగనే రాసినవ్ తీ," అని సార్ దాని తలమీద చెయ్యేశారు. పిల్లకు చెరుకురసం తాగించి బస్సెక్కించారు. పూజను అడిగాను, నువ్వేం పెట్టావే అని. "మూడు బై నాలుగు టీచర్. గైడులో ఉంది, గీతలు కాదు ఖాళీలు లెక్కపెట్టాలని," అంది. ఎందుకలా అంటే తెలియదంది.

సోమవారం సార్ నాలుగో తరగతిలో బోర్డు మీద ఉత్త గీత గీసి, టేపులు దాచేసి, అదే ప్రశ్న అందరికీ ఇచ్చారు. ముప్పై నాలుగు మందిలో పంతొమ్మిది మంది మూడు బై అయిదు రాశారు. కొందరు నాలుగు బై అయిదు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా కూర్చున్నారు.

"తొమ్మిదేండ్లు మేడం. తొమ్మిది బ్యాచులు. టేపు తీసి గీత ఇచ్చి ఒక్కనాడన్న చూసిన్నా? చూడలే. నా చెయ్యి ఒకటి తీసేస్తుంటే వాళ్ల చెయ్యి సుత తీసేస్తుంది అనుకున్న. ఆ పిల్ల అడిగింది. నాలుగు బై అయిదు గాదా సార్ అని నోరు తెరిచి అడిగింది. నేను నవ్విచ్చిన."

"రెండు ప్రశ్నలేగా సార్. మిగతావన్నీ బాగా రాసింది. వచ్చేస్తుందిలెండి," అన్నాను. ఆ రోజు విన్నానని, నాకూ అనుమానం వచ్చిందని చెప్పలేదు. చెబితే ఆయన బరువు కొంచెం తగ్గేదేమో. నేనంత మంచిదాన్ని కాదు.

ఆ వారమంతా ఆయన ఆ తరగతికి మళ్లీ మొదటి నుంచి చెప్పారు. సున్నా దగ్గర నిలబెట్టి, అడుగు వేస్తేనే ఒకటి అనిపించారు. అడుగులు లెక్కపెట్టాలె, గీతలు కాదు అని గొంతు పోయేదాకా చెప్పారు. పిల్లలకు మూడు రోజుల్లో వచ్చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పరీక్ష అయిపోయాక వచ్చింది.

ఫలితాలొచ్చాయి. పూజకి అరవై మూడు, మొదటి జాబితాలోనే సీటు. వెన్నెలకి అరవై రెండు. ఇద్దరిదీ ఒకే కేటగిరీ. రెండో జాబితా వచ్చింది, మూడోది వచ్చింది. అరవై మూడు దగ్గరే ఆగిపోయింది. సార్ పొద్దున లేస్తే ఫోన్ తెరిచి హాల్‌టికెట్ నంబరు కొట్టడం, సాయంత్రం మళ్లీ కొట్టడం. నాకు కోపమొచ్చి ఒకరోజు ఫోన్ లాక్కున్నాను కూడా. ఆ రెండింటిలో ఒక్కటి సరిగ్గా పెట్టి ఉన్నా అది పూజతో సమానంగా ఉండేది. రెండూ పెట్టి ఉంటే పూజకంటే ముందుండేది. ఈ లెక్క ఆయన నాతో ఎన్నిసార్లు చెప్పారో. నేను ఎన్నిసార్లు విన్నానో.

జూన్‌లో బడి తెరిచారు. వెన్నెల రాలేదు. వారం చూసి సార్ నా దగ్గరికొచ్చారు. "మేడం, జర నాతోని పంజాగుట్ట దాక వస్తరా? ఆయనకు చెప్పాలె. ఒక్కన్ని పోలేను."

"చెప్పి ఏం చేస్తారండీ? సీటొస్తుందా?"

"తప్పు పిల్లది గాదని తెల్వాలె గదా. పిల్లకు చదువు రాదు, అందుకే సీటు రాలే అనుకుంటే ఎట్ల?"

శనివారం ఒంటిపూట అయ్యాక వెళ్లాం. చీరల షాపు ముందు ఎండ మండిపోతోంది, ఫ్లైఓవర్ మీద బండ్ల మోత. మెట్ల కింద మిషన్, దాని పక్కన చీరల గుట్ట, ఇంకా పక్కన ఒక గోనెపట్టా మీద వెన్నెల. తమ్ముణ్ని రెండు కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, ప్లాస్టిక్ దారపు రీళ్లతో ఆడిస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయింది, వాడు గుక్కపట్టేసరికి మళ్లీ కూర్చుంది.

భానుచందర్ స్టూలు లాగి నాకు వేశాడు. బిక్షం సార్ నిలబడే చెప్పారు. టేపుల సంగతి, ఒకటి నుంచి మొదలుపెట్టడం, కాగితం మీద ఉత్త గీత, మూడు బై అయిదు, అయిదు బై తొమ్మిది. ఒక్క ముక్క దాచలేదు. "ఆమెకు తెల్వక గాదు భాయ్. నేను నేర్పిందే తప్పు. నా వల్లనే పోయింది సీటు," అన్నారు.

భానుచందర్ మిషన్ ఆపి అంతా విన్నాడు. విని మెడలో ఉన్న తన టేపు తీసి చూసుకున్నాడు. "గిందుల తప్పేమున్నది సార్?" అన్నాడు. నిజంగానే అర్థం కాలేదు అతనికి. "మా నాయిన గిట్లనే కొలిచిండు, నేను గిట్లనే కొలుస్త. ఒక్క జాకెట్టు తప్పు పోయిందా? రాలే అంటే రాలే. ఆమె నసీబు. మీరు ఫికర్ వెట్టుకోకున్రి. చాయ్ తాగున్రి."

తిట్టి ఉంటే బాగుండేది. కాలర్ పట్టుకున్నా ఆయన సంతోషించేవారే. క్షమించాల్సినంత తప్పు కూడా అందులో కనిపించలేదు ఆ మనిషికి. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియని కోపం అతని మీద పోశాను. "ఏంటండీ మీరు? సీటు రాకపోతే చదువే మాన్పించేస్తారా? ఫీజు సంగతి మేం మాట్లాడతాం, లేదంటే సర్కారు బడి ఉంది, పక్క సందులోనే ఉంది. అంత తెలివైన పిల్లను మెట్ల కింద కూర్చోబెట్టి పిల్లాణ్ని ఆడించమంటారా?"

అతను గొంతు పెంచలేదు. "మేడం, మా ఆడమనిషి పొద్దున ఎనిమిదింటికి పోతే చీకటి పడ్డంక వస్తది. నేను మిషన్ మీదుంట. మీరొచ్చి పట్టుకుంటరా పోరన్ని?"

ఎంత పెద్ద నోరున్నా, సోమవారం నుంచి వచ్చి పట్టుకుంటానని అనలేను కదా. అతను మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు, పైనుంచి షాపు పిల్ల చీర విసిరి అర్జెంటని అరిచింది.

బిక్షం సార్ వెళ్లి గోనెపట్టా అంచున వెన్నెల ఎదురుగా నేలమీద కూర్చున్నారు. జేబులోంచి సుద్దముక్క తీసి మెట్టుబండ మీద ఒక గీత గీశారు. ఆ కొసా ఈ కొసా, మధ్యలో చిన్న గీతలు. బాణం పెట్టారు. "ఇక్కడ సున్న బిడ్డ. సున్న దగ్గర నిలవడ్డవు. ఇంక అడుగు వెయ్యలే. ఎన్నడుగులు వేసినవు?"

"వెయ్యలే సార్."

"గీత ఉన్నది. మరి ఒకటి అందామా?"

వెన్నెల గీత వంక చూసింది. ఎడమచేత్తో తమ్ముణ్ని పట్టుకుని, కుడిచేతి వేలితో గీత మీద ఖాళీలు ఒక్కొక్కటీ దాటించింది. పెదాలు కదిలాయి. "అనొద్దు సార్. నిలవడ్డది లెక్కవెట్టొద్దు. నడిచిందే లెక్కవెట్టాలె. ఇది మూడు బై నాలుగు." సార్ చెప్పకుండానే సుద్ద తీసుకుని పక్కన ఇంకో గీత గీసింది, ఎనిమిది భాగాలు చేసింది, అయిదో అడుగు దగ్గర బాణం పెట్టింది. "పరీక్షల రెండోది గిది. అయిదు బై ఎనిమిది. నేను తొమ్మిది రాసిన."

నేను పిల్ల వంక కాదు, గోడ మీది గడియారం వంక చూశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇప్పుడొచ్చింది సార్ నాకు," అంది వెన్నెల. దాని మొహం విప్పారింది. "మల్ల రాయనిస్తరా?"

బిక్షం సార్ ఈసారి అబద్ధం చెప్పలేదు. నేనైతే చెప్పేదాన్ని. "ఆ పరీక్ష ఒక్కసారే బిడ్డ. మల్లొచ్చే ఏడు ఆరో తరగతికి మిగిలిన సీట్లకు వెడతరు. అది బడికి పోయేటోల్లే రాయాలె. అయిదో తరగతి చదువుతున్నట్టు కాయితం కావాలె."

వెన్నెల తండ్రి వైపు చూసింది. అతను సూది వైపే చూస్తున్నాడు. చిన్నవాడు ఏడుపు లంకించుకున్నాడు. వాణ్ని ఎత్తి భుజాన వేసుకుని, వీపు తడుతూ కాసేపు ఆలోచించింది. తర్వాత బిక్షం సార్‌ని అడిగింది.

"మరి ఇప్పుడెందుకు చెప్పిన్రు సార్?"

అడగడంలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. తరగతిలో అన్ని ప్రశ్నలూ అడిగినట్టే, జవాబు కావాలనే అడిగింది. ఆయన చెబుతారేమోనని పిల్లాణ్ని ఊపుతూ నిలబడే ఉంది. బిక్షం సార్ కిందే కూర్చుని ఉన్నారు. ఆ నెలాఖరున బడి మానేస్తున్నానని కాగితం రాసిచ్చారు.